62 రోజులా, 61 రోజులా? రోడ్డు ప్రయాణాలతో లెక్కలు నేర్పే ఒక బోధనా కిట్‌పై సమీక్ష

దూరం, కాలం, వేగం పాఠం మొదలుపెట్టగానే పిల్లలు నోటుపుస్తకం అంచున ఒక త్రిభుజం గీసుకుంటారు. పై గదిలో దూరం, కింది రెండు గదుల్లో వేగం, కాలం రాసుకుని, ప్రశ్నలో అడిగినదాన్ని వేలితో మూసేసి, మిగిలిన రెండింటినీ అవసరాన్ని బట్టి గుణిస్తారు లేదా భాగిస్తారు. జవాబు సరిగానే వస్తుంది. కానీ ఆ కారు మధ్యలో ఎక్కడైనా ఆగిందా, ఆగితే ఆ సమయాన్ని లెక్కలో కలపాలా వద్దా, అసలు ఆ దూరం ఎవరు కొలిచారు అనే ప్రశ్నలు ఒక్కరికీ తట్టవు. సమస్యా సాధన నేర్పుతున్నామని మనం అనుకునే చోట నిజానికి నేర్పుతున్నది వేలు ఎక్కడ పెట్టాలో మాత్రమే.

ఈ వేలి లెక్కకు విరుగుడుగా పాతకాలపు రోడ్డు ప్రయాణాలనూ నేటి ప్రయాణాలనూ పక్కపక్కన పెట్టి లెక్కలు చేయించే ఒక బోధనా కిట్ నా చేతికి వచ్చింది. అందులో 8 పాఠాలు, 24 ప్రయాణ కార్డులు, కొలతగీతలు అచ్చువేసిన ఒక పొడవాటి కాగితపు పట్టీ, రెండు రంగుల పూసలు, ఉపాధ్యాయులకు ఒక చిన్న గైడు ఉన్నాయి. దానిని 7వ తరగతి పిల్లలతో రెండు విడతలుగా పూర్తిగా వాడిన తరువాతే ఈ సమీక్ష రాస్తున్నాను. లోపాలను కూడా నిర్మొహమాటంగా రాస్తున్నందువల్ల తయారీదారుల పేరు చెప్పడం లేదు. ఇదే పద్ధతిలో తయారైన మరే సామగ్రి మీ చేతికి వచ్చినా దానిని పరీక్షించుకోవడానికి ఇందులోని విషయం పనికివస్తే చాలు.

మొత్తం కిట్‌లో మకుటం లాంటిది మూడో పాఠం. దానికి ఆధారం 1919లో అమెరికా సైన్యం వాషింగ్టన్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దాకా నడిపిన మోటారు వాహనాల బృందం. తరువాతి కాలంలో అధ్యక్షుడైన ఐసెన్‌హవర్ అప్పుడు యువ సైనికాధికారిగా ఆ బృందంతో ప్రయాణించారు. కార్డు మీద నాలుగే సంఖ్యలు ఉన్నాయి: దూరం 3,251 మైళ్లు, మొత్తం 62 రోజులు, అందులో ప్రయాణం సాగినవి 56 రోజులు, చక్రాలు కదిలిన సమయం 573.5 గంటలు. వాటి కింద ఉన్న ప్రశ్న కూడా ఒక్కటే, "ఈ బృందం ఎంత వేగంగా వెళ్లింది?" అని.

ఈ ఒక్క ప్రశ్నతో నలభై అయిదు నిమిషాల పీరియడు గడిచిపోయింది. దూరాన్ని కిలోమీటర్లలోకి మారిస్తే సుమారు 5,232 వస్తుంది. ఒక జట్టు దానిని 62తో భాగించి రోజుకు 84.4 కిలోమీటర్లు అంది. రెండో జట్టు విశ్రాంతి తీసుకున్న 6 రోజులను పక్కనపెట్టి, 56తో భాగించి 93.4 అంది. మూడో జట్టు గంటలతో భాగించి గంటకు 9.1 కిలోమీటర్లు అంది. నాలుగో జట్టులో ఒక అబ్బాయి మాత్రం 62ను 24తో గుణించి, 1,488 గంటలతో భాగించి, గంటకు 3.5 కిలోమీటర్లని తేల్చి, "అయితే నడిచి వెళ్లినవాళ్లే ముందు చేరేవాళ్లు" అని ప్రకటించాడు. మనిషి గంటకు 5 కిలోమీటర్లు నడుస్తాడన్నది వాడికి ముందే తెలుసు. తరగతి అంతా నవ్వింది కానీ, వాడి భాగహారంలో తప్పు ఎక్కడుందో చెప్పమంటే ఎవరూ చెప్పలేకపోయారు, ఎందుకంటే భాగహారంలో తప్పు లేదు. లారీలకు రాత్రి నిద్రను కూడా లెక్కగట్టి, నడిచే మనిషికి మాత్రం నిద్ర లేకుండా చేసిన పోలికలో ఉంది తప్పు. ఆ సంగతి కనిపెట్టడానికి వాళ్లకు పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాల్లో నేను నోరు మెదపకుండా ఉండటమే నేను చేసిన బోధన.

అదే పాఠంలో మరో చిన్న ముచ్చట ఉంది. 573.5ను 56తో భాగిస్తే 10.24 వస్తుంది, అంటే రోజుకు సగటున 10.24 గంటలు ప్రయాణం చేశారన్నమాట. తరగతిలో సగం మంది దానిని 10 గంటల 24 నిమిషాలుగా రాసుకున్నారు. గంటకు 60 నిమిషాలు కాబట్టి 0.24 అంటే 14 నిమిషాల చిల్లర. ఈ పొరపాటు ఏటా జరిగేదే, ఏటా దిద్దేదే. కానీ ఇక్కడ ఆ పది నిమిషాల తేడాను 56 రోజులకు గుణించి చూడమంటే దాదాపు 9 గంటలు వచ్చింది. రోజులో ఏ మూలనో కనిపించని తప్పు ప్రయాణం చివరికి దాదాపు ఒక పూర్తి రోజు ప్రయాణంగా మారుతుందని చూశాక, వాళ్లు దశాంశ గంటలను కాస్త భయభక్తులతో చూడటం మొదలుపెట్టారు.

శీర్షికలోని ప్రశ్న కూడా ఈ కార్డు నుంచి పుట్టినదే. బృందం 1919 జులై 7న బయలుదేరి సెప్టెంబరు 6న చేరింది. తేదీలను తీసివేస్తే 61 రోజులే వస్తాయి. బయలుదేరిన రోజునూ చేరిన రోజునూ కలిపి లెక్కపెడితేనే 62. పిల్లలు దీనిని త్వరగానే పట్టుకుని, "రెండు చివరలూ లెక్కలోకి వస్తాయి" అని ఒక నియమం రాసుకున్నారు. తరువాతి కార్డు ఆ నియమాన్ని అక్కడికక్కడే కూలదోసింది. అమెరికాను మోటారు కారులో తొలిసారి అడ్డంగా దాటిన హొరేషియో నెల్సన్ జాక్సన్ 1903 మే 23న శాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరి జులై 26న న్యూయార్క్ చేరారు. తేదీలను తీసివేస్తే 64, రెండు చివరలూ కలిపితే 65. కార్డు మీద మాత్రం 63 రోజుల 12 గంటల 30 నిమిషాలు అని ఉంది. కార్డు తప్పా, నియమం తప్పా అని వాదన మొదలైంది. జాక్సన్ బయలుదేరింది మధ్యాహ్నం, చేరింది తెల్లవారకముందు. సైన్యం క్యాలెండరు చూసి లెక్కపెట్టింది, జాక్సన్ లెక్క గడియారం ప్రకారం సాగింది. రెండు నగరాల గడియారాల మధ్య 3 గంటల తేడా ఉందన్నది ఇంకో మడత. ఇంత మంచి జంటను పక్కపక్కన పెట్టిన తయారీదారులు గైడులో దీని గురించి ఒక్క వాక్యం కూడా రాయకపోవడం నాకు ఆశ్చర్యం కలిగించింది. బహుశా వారు కూడా గమనించి ఉండరు. సిద్ధం కాకుండా తరగతికి వెళ్లిన ఉపాధ్యాయుడు ఇక్కడ కచ్చితంగా తడబడతాడు. మొదటి విడతలో నేనూ తడబడ్డాను.

నాలుగో పాఠం భేదానికీ నిష్పత్తికీ ఉన్న తేడాను చూపిస్తుంది. లండన్ నుంచి ఎడిన్‌బరో సుమారు 400 మైళ్లు. 1754 నాటి గుర్రపు బండి ప్రకటన ప్రకారం ఆ ప్రయాణానికి వేసవిలో 10 రోజులు, చలికాలంలో 12 రోజులు పట్టేది. 1830ల నాటికి అది 45 గంటల 30 నిమిషాలకు తగ్గింది. నేడు కారులో 8 గంటలు అనుకుందాం. ఏ దశలో ఎక్కువ మార్పు వచ్చింది అని అడిగితే, తీసివేత చేసినవారు మొదటి దశ అంటారు, ఎందుకంటే 240 గంటల నుంచి 45.5కి దిగినప్పుడు 194.5 గంటలు మిగిలాయి, రెండో దశలో మిగిలింది 37.5 మాత్రమే. భాగహారం చేసినవారికి మొదటి దశలో 5.3 రెట్లు, రెండో దశలో 5.7 రెట్లు వస్తాయి, అంటే రెండూ దాదాపు సమానమే. ఇంజిను రాకముందు వచ్చిన మార్పూ, ఇంజిను వచ్చాక వచ్చిన మార్పూ ఒకే స్థాయిలో ఉన్నాయన్న సంగతి పిల్లలకే కాదు, నాకూ కొత్తే. మెకాడమ్ వంటివారు కంకర రోడ్లు వేయించడం, దారిపొడవునా మజిలీల దగ్గర గుర్రాలను మార్చడం మొదటి దశలో చాలా పని చేశాయి. అయితే తొలినాటి బండ్లు రాత్రిళ్లు ఆగేవి, తరువాతివి రాత్రీ పగలూ నడిచాయి. కాబట్టి గుర్రాలే 5 రెట్లు వేగంగా పరుగెత్తాయని అనుకోకూడదు. మూడో పాఠంలో నేర్చిన విషయం ఇక్కడ అక్కరకు వస్తుంది. పాఠాలను ఇలా ఒకదానిమీద ఒకటి నిలబెట్టిన తీరును మెచ్చుకోవాలి.

ఇక ఆరో పాఠం. ఇక్కడ నేను గట్టిగానే ఫిర్యాదు చేయవలసి ఉంది. 1865లో బ్రిటన్‌లో వచ్చిన చట్టం ప్రకారం రోడ్డు మీద నడిచే యంత్రవాహనాలు ఊళ్లలో గంటకు 2 మైళ్లు, ఊరి బయట 4 మైళ్ల వేగాన్ని మించకూడదు, పైగా ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకుని నడవాలి. 1896లో ఆ పరిమితిని 14 మైళ్లకు పెంచారు. ఇంత సరదా అయిన చట్టాన్ని తీసుకుని కిట్ ఒక చక్కని ప్రశ్న ఇచ్చింది: ఒక వాహనం ఊళ్లో 4 మైళ్లు, ఊరి బయట 4 మైళ్లు, రెండు చోట్లా చట్టం ఒప్పుకున్న గరిష్ఠ వేగంతో వెళ్తే సగటు వేగం ఎంత? జవాబుల కీలో 3 అని ఉంది. ఇది తప్పు. ఊళ్లో 4 మైళ్లకు 2 గంటలు, ఊరి బయట 4 మైళ్లకు 1 గంట పడుతుంది కాబట్టి, 8 మైళ్లకు 3 గంటలు, సగటు వేగం గంటకు 2.67 మైళ్లు. నెమ్మదిగా నడిచిన భాగం ఎక్కువ సమయాన్ని మింగేస్తుంది కనుక సగటు ఆ వైపుకే మొగ్గుతుంది. రెండు వేగాల వద్ద సమానమైన కాలం ప్రయాణించి ఉంటేనే 3 వచ్చేది. ప్రశ్నలో సమానమైనది దూరం, కాలం కాదు. సగటు వేగం పాఠానికే ప్రాణమైన ఈ విషయంలో, అదీ ఆలోచించడం నేర్పుతామని చెప్పుకునే కిట్‌లో, కీ తప్పడం అచ్చుతప్పు కింద కొట్టిపారేయదగింది కాదు. ఒక అమ్మాయి 2.67 రాసి, కీతో పోల్చుకుని, దానిని కొట్టేసి 3 అని దిద్దుకుంది. నేను ఆ పేజీ చూసి ఉండకపోతే ఆ కొట్టివేత అలాగే ఉండిపోయేది. తయారీదారులకు దీని గురించి రాశాను, ఇప్పటి దాకా సమాధానం రాలేదు.

కథ ఎంత బాగుంటే లెక్క అంత చప్పగా ఉన్న సందర్భం అయిదో పాఠం. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ తన ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని, భర్త తయారుచేసిన మోటారు బండిలో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు, 100 కిలోమీటర్లకు పైబడిన దూరం, పొద్దున్నే బయలుదేరి చీకటి పడే వేళకు చేరారు. దారిలో వీస్లోహ్ అనే ఊళ్లో మందుల దుకాణంలో ఇంధనం కొన్నారు, ఎత్తుల దగ్గర బండిని తోశారు, అరిగిపోయిన బ్రేకులకు చెప్పులు కుట్టేవాడి చేత తోలు వేయించారు. ఎక్కడెక్కడ ఎంతసేపు ఆగి ఉండవచ్చు, తోసిన దూరం ఎంత ఉండవచ్చు, ఇంధనం ఎక్కడ అయిపోయి ఉండాలి అని అంచనాలు కట్టించడానికి ఇంతకన్నా మంచి ప్రయాణం దొరకదు. కిట్ మాత్రం దూరం ఇచ్చి, గంటలు ఇచ్చి, వేగం కనుక్కోమంటుంది. పిల్లల వేళ్లు మళ్లీ త్రిభుజం మీదికి వెళ్లాయి.

కిట్‌కు వెన్నులో ఉన్న అసలు బలహీనత నేటి ప్రయాణాల కార్డుల్లో ఉంది. పాత కార్డుల్లో బురద, విరిగిన ఇరుసులు, విశ్రాంతి దినాలు అన్నీ ఉన్నాయి. కొత్త కార్డుల్లో మాత్రం ఎప్పుడూ గంటకు 100 కిలోమీటర్లే. అందులో ట్రాఫిక్ లేదు, టోల్‌గేటు లేదు, డ్రైవరుకు ఆకలి లేదు. వాషింగ్టన్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు నేటి దూరం సుమారు 4,500 కిలోమీటర్లు కనుక 45 గంటలు అని కార్డు తేల్చేస్తుంది. పిల్లలు వెంటనే "రెండు రోజుల్లోపే" అన్నారు. ఒక్క మనిషి 45 గంటలు నిద్ర లేకుండా నడపగలడా అని అడిగితే తప్ప వాళ్లకు అనుమానం రాలేదు. రోజుకు 9 గంటలు నడిపితే 5 రోజులు పడుతుంది. 62 రోజులతో పోల్చవలసింది ఈ 5నే. గంటలతో పోల్చాలంటే 573.5 పక్కన 45 పెట్టాలి. నిన్నటి రోజులను నేటి గంటలతో పోల్చి అబ్బురపడితే దానిని లెక్క అనలేము, అది ప్రచారం.

ఆ కార్డులోనే దాగి ఉన్న ఒక అందమైన సంగతిని కిట్ ముట్టుకోలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. 573.5ను 45తో భాగిస్తే 12.7 రెట్లు వస్తుంది. వేగాలను పోలిస్తే, 100ను 9.12తో భాగించినప్పుడు 11 రెట్లే వస్తుంది. వేగం 11 రెట్లు పెరిగితే కాలం 12.7 రెట్లు ఎలా తగ్గింది? దారి కూడా తగ్గింది కనుక. పాత దూరం 5,232, కొత్త దూరం 4,500, వాటి నిష్పత్తి 1.16. 11ను 1.16తో గుణిస్తే మళ్లీ 12.7కే చేరుకుంటాం. అమెరికాలో 1956 చట్టంతో మొదలైన 41,000 మైళ్ల జాతీయ రహదారుల పథకం బండ్లకు వేగం ఇవ్వడంతో ఆగలేదు, ఎన్నో చోట్ల వంకర దారులను నిటారు చేసింది. రెండో విడతలో దీనిని నేనే బోర్డు మీద ప్రశ్నగా రాశాను. జవాబు ముగ్గురికే వచ్చింది, కానీ ఆ ముగ్గురూ త్రిభుజం గీయలేదు.

సమస్యా సాధనకు గణిత శాస్త్రవేత్త జార్జ్ పోల్యా చెప్పిన నాలుగు మెట్లను, అంటే సమస్యను అర్థం చేసుకోవడం, పథకం వేయడం, అమలు చేయడం, వెనక్కి తిరిగి చూడటం అనే వాటిని, కిట్ నాలుగు రంగుల చీటీలుగా ఇచ్చింది. మన పాఠ్యపుస్తకాలు సాధారణంగా మూడో మెట్టు మీదనే కాపురం పెడతాయి. ఈ కిట్ నాలుగో మెట్టుకు తగిన గౌరవం ఇచ్చింది. ప్రతి లెక్క తరువాత ఎర్రచీటీ తీసి "ఈ జవాబు నమ్మదగినదేనా, మనిషి నడక కన్నా ఎక్కువా తక్కువా?" అని అడగాలి. నడకను కొలబద్దగా పెట్టుకోవడం మంచి ఆలోచన, ఎందుకంటే అది ప్రతి పిల్లవాడి కాళ్లకూ తెలిసిన వేగం. అయితే అదే కిట్ తన కీలో సైనిక బృందం వేగాన్ని గంటకు 9.1229 కిలోమీటర్లని నాలుగు దశాంశ స్థానాల దాకా అచ్చువేసింది. వందేళ్ల కిందటి బురదదారిలో కొలిచిన దూరానికి అంత సూక్ష్మత ఎక్కడిది? ఎర్రచీటీని ముందుగా కీ మీద వాడి ఉంటే బాగుండేది.

కాగితపు పట్టీ గురించి తప్పక చెప్పాలి. సెంటీమీటరుకు 10 కిలోమీటర్ల చొప్పున 1919 ప్రయాణం మొత్తం 5 మీటర్ల 23 సెంటీమీటర్లు వస్తుంది కనుక తరగతి గదిలో పట్టక వరండాలో పరిచాం. ప్రయాణపు రోజుకు తెల్లపూస, విశ్రాంతి రోజుకు నల్లపూస. తెల్లపూసలు తొమ్మిదిన్నర సెంటీమీటర్లకు కాస్త తక్కువ ఎడంతో వరసగా సాగుతుంటే, నల్లపూసను ఎక్కడ పెట్టాలో పిల్లలకు తోచలేదు. ముందుకు జరపడానికి వీల్లేదు, దూరం పెరగలేదు కదా. చివరికి ఒకరు దానిని తెల్లపూస మీదనే నిలబెట్టారు. మరుసటి వారం దూరం–కాలం గ్రాఫులో గీత అడ్డంగా ఎందుకు సాగుతుందో నేను వివరించవలసిన అవసరమే రాలేదు. పూసలు జారిపోకుండా పట్టీని చదునైన నేల మీదనే పరచాలి, ఫ్యాను ఆపాలి.

భాష విషయంలో కిట్ కాస్త అలసత్వం చూపింది. "వాహనము యొక్క వేగమును కనుగొనుము" తరహా వాక్యాలు అడుగడుగునా ఉన్నాయి. మైళ్లు, కిలోమీటర్లు ఒకే ప్రశ్నలో కలిసిపోతాయి. అది కావాలని పెట్టిన చిక్కు అయితే గైడులో చెప్పాలి, లేకపోతే సరిచేయాలి. ఒకే పేరుతో ఉన్న కొలత చోటును బట్టి మారుతుందనే సంగతికి రోమన్ మైలును చూపించారు, బాగుంది. కానీ తెలుగులో అచ్చువేస్తున్నప్పుడు క్రోసును, ఆమడను మరచిపోవడం ఏమిటో నాకు బోధపడలేదు. కార్డుల మందం, అచ్చు బాగానే ఉన్నాయి. ఒకటి, రెండు, ఏడు పాఠాలు మామూలు అభ్యాసాలు. వాటిని ఇంటిపనిగా ఇస్తే సరిపోతుంది.

ఎనిమిదో పాఠాన్ని పూర్తిగా పక్కనపెట్టి, దాని బదులు పిల్లలకు ఖాళీ కార్డులు ఇచ్చాను. తాము నిజంగా చేసిన ఒక రోడ్డు ప్రయాణాన్ని ఆగిన సమయాలతో సహా రాసుకు రమ్మన్నాను. నేటి ప్రయాణానికి కిట్ ఇవ్వలేని బురద అలా దొరికింది. 210 కిలోమీటర్లకు 5 గంటల 15 నిమిషాలు, అందులో కదలకుండా నిలబడింది 1 గంట 15 నిమిషాలు అని ఒకరి కార్డు వచ్చింది. మొత్తం మీద గంటకు 40, కదిలినంతసేపు 52.5. ఈ రెండింటిలో 1919 నాటి 9.1తో ఏది పోల్చాలి అన్నదాని మీద ఆ పీరియడు గడిచింది. 9.1 కూడా చక్రాలు కదిలిన గంటలకు కట్టినదే కాబట్టి 52.5 వైపే తేలింది.

6 నుంచి 8వ తరగతి దాకా బోధించేవారికి, ముఖ్యంగా పీరియడు మొత్తం ఒక్క లెక్క మీద గడిచినా కంగారుపడనివారికి, ఈ కిట్‌ను సిఫారసు చేస్తాను. సిలబస్ త్వరగా పూర్తి చేయాలనుకునేవారికి ఇది చిరాకు తెప్పిస్తుంది. కొన్నవారు ముందుగా మూడో, నాలుగో పాఠాలను స్వయంగా చేసి చూసుకోవాలి. కీని పిల్లలకు అందుబాటులో ఉంచకూడదు. ఆరో పాఠం మొదలుపెట్టే ముందు అందులోని 3ను కొట్టేసి, పక్కన 2.67 అని రాసుకోవాలి.